[పరిష్కారమైంది] పాత సిస్టమ్‌లో కొత్త 4 టీబీ హార్డ్ డిస్క్ పెట్టాను, అసలు కనపడటం లేదు

గూడెం_స్టూడియో
11 జూలై, రాత్రి 9:52

అందరికీ నమస్కారం. నాకు తాడేపల్లిగూడెంలో చిన్న ఫొటో స్టూడియో ఉంది. 2009లో అసెంబుల్ చేయించిన సిస్టమ్ మీదే ఇప్పటికీ ఆల్బమ్ పని నడిపిస్తున్నాను. జీ31 చిప్‌సెట్ (భాగాలన్నిటినీ కలిపే చిప్పులు) ఉన్న మదర్‌బోర్డు, డ్యూయల్ కోర్, 2 జీబీ ర్యామ్, విండోస్ 7 32 బిట్. ఉన్నది ఒకే ఒక్క 500 జీబీ సాటా డిస్క్ (సన్న కేబుల్‌తో బోర్డుకి కలిపే రకం), అది ఎప్పుడో నిండిపోయింది. పోయిన సీజన్ పెళ్లిళ్లు సగం పెన్‌డ్రైవుల్లో, సగం కెమెరా కార్డుల్లో ఉండిపోయాయి.

ఆషాఢం కదా, ముహూర్తాలు లేవు. శ్రావణం వస్తే ఊపిరాడదు కాబట్టి ఈలోపే చక్కబెట్టుకుందామని ఆన్‌లైన్‌లో 4 టీబీ ఇంటర్నల్ డిస్క్ కొన్నాను. సర్వర్లలో వాడే రకమట, కొత్తదే, ధర బాగా తక్కువ పడింది. క్యాబినెట్ తెరిచి, స్క్రూలు బిగించి, డేటా కేబులూ పవర్ కేబులూ పెట్టి ఆన్ చేశాను. రోజూలాగే ఎఫ్1 నొక్కాక విండోస్ వచ్చింది. మై కంప్యూటర్‌లో పాత డ్రైవులే ఉన్నాయి. కొత్తది లేదు. బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర) వెళ్లి చూసినా ఆ పోర్టు దగ్గర 'నన్', అంటే ఏమీ లేదు అని ఉంది.

రెండు రోజుల నుంచి ఇదే టెన్షన్. ఏం చూడమంటారు?

కొత్తదికొను
11 జూలై, రాత్రి 10:05

2009 సిస్టమా! ఆ బోర్డు సాటా 2, మీ డిస్క్ సాటా 3. రెండూ కలవవు. దాని మీద ఇంకో రూపాయి పెట్టకండి. కొత్త సిస్టమ్ తీసుకోండి, ఎస్‌ఎస్‌డీ వేయించండి, ఫొటో ఎడిటింగ్ హాయిగా ఉంటుంది.

సీటీసీ_కుర్రోడు
11 జూలై, రాత్రి 10:31

కలవవని ఎవరన్నారు భయ్యా? సాటా 3 డిస్క్‌ని సాటా 2 పోర్టుకి పెడితే వేగం తగ్గించుకుని అదే పనిచేస్తుంది. ఆ ఏర్పాటు ఉండాలనే తయారు చేశారు. తేడా వచ్చేది కొన్ని మరీ పాత చిప్‌సెట్లతోనే. వీఐఏ వాళ్ల వీటీ8237 లాంటివి సాటా 1 కాలంవి, అవతలి డిస్క్‌తో వేగం మాట్లాడుకోలేక బిగుసుకుపోయేవి. అప్పటి డిస్కులకి వెనకాల జంపర్ (రెండు పిన్నుల్ని కలిపే చిన్న క్లిప్పు) పెట్టి 1.5 గిగాబిట్లకి దించితే కనపడేవి. జీ31కి ఆ జబ్బు లేదు.

గూడెం అన్నా, ముందు ఈ పని చెయ్యి. సిస్టమ్ ఆపి, ప్లగ్గు పీకి, పాత డిస్క్‌కి ఉన్న డేటా కేబుల్, పవర్ కేబుల్ రెండూ తీసి కొత్తదానికి పెట్టు. ఆ కేబుళ్లూ ఆ పోర్టూ బాగున్నాయని మనకి తెలుసు కదా. అప్పుడు బయోస్‌లో కనపడుతుందేమో చూడు.

గూడెం_స్టూడియో
12 జూలై, ఉదయం 8:20

చేశాను తమ్ముడూ. పాత డిస్క్ కేబుళ్లు కొత్తదానికి పెట్టినా అదే 'నన్'. తిరిగి పాతదానికి పెడితే పాతది నిక్షేపంగా కనపడుతోంది. అంటే కొత్త డిస్కే పోయిందా?

సోల్డరింగ్_మాస్టారు
12 జూలై, ఉదయం 9:10

అప్పుడే పోయిందనకండి. ఇలాంటప్పుడు నేను మొదట చూసేది బయోస్ కాదు, డిస్క్ తిరుగుతోందా లేదా అని. సిస్టమ్ ఆన్ చేసి కొత్త డిస్క్ మీద వేళ్లు ఆనించండి. తిరిగే డిస్క్ అయితే మొదటి పది సెకన్లలో సన్నగా వణుకు తెలుస్తుంది, గుయ్ మని చప్పుడూ వస్తుంది. తిరుగుతూ కనపడకపోతే మన వెతుకులాట ఒక వైపు, తిరగనే తిరగకపోతే ఇంకో వైపు.

మీరు ఆ డిస్క్‌ని ఇంకెక్కడైనా పెట్టి చూశారా?

గూడెం_స్టూడియో
12 జూలై, ఉదయం 11:45

మాస్టారూ, వణుకు లేదు, చప్పుడు లేదు. రాయిలా ఉంది.

ఇంకెక్కడైనా అంటే, మా వీధి చివర కంప్యూటర్ షాపులో చూపించాను. ఆ అబ్బాయి తన దగ్గరున్న యూఎస్‌బీ డాక్‌లో (డిస్క్‌ని బయటి నుంచే కంప్యూటర్‌కి కలిపే స్టాండు) నిలబెడితే తిరిగింది, ల్యాప్‌టాప్‌లో కనపడింది కూడా. ఫార్మాట్ చేసి ఇచ్చాడు. మళ్లీ నా సిస్టమ్‌లో పెడితే మామూలే. "మీ బోర్డు పోయింది సార్" అన్నాడు. పొద్దున ఫోన్ చేస్తే "డిస్కే పోయి ఉంటుంది" అన్నాడు.

సీటీసీ_కుర్రోడు
12 జూలై, మధ్యాహ్నం 12:02

అన్నా, ఈ డాక్ ముచ్చట మొదట్లోనే చెప్పాల్సింది!

సోల్డరింగ్_మాస్టారు
12 జూలై, మధ్యాహ్నం 12:40

ఆ ఒక్క మాటతో సగం తేలిపోయింది. డాక్‌లో తిరిగింది కాబట్టి డిస్క్ బతికే ఉంది. మీ కేబుళ్లతో పాత డిస్క్ నడుస్తోంది కాబట్టి ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటు ఇచ్చే పెట్టె) కూడా బతికే ఉంది. రెండూ బాగుండి, కలిపితే మాత్రం తిరగడం లేదు. సర్వర్ రకం అని కూడా చెప్పారు. నా అనుమానం మూడో పిన్ను మీద.

సాటా పవర్ కనెక్టర్‌లో 15 పిన్నులుంటాయి. డేటా కేబుల్ పెట్టే వైపు నుంచి లెక్కపెడితే 1, 2, 3 పిన్నులకి మొదటి నుంచీ 3.3 వోల్టులు ఇచ్చేవారు. మామూలు హార్డ్ డిస్కులు వాటిని పట్టించుకునేవి కావు, వాటికి కావలసినవి 5, 12 వోల్టులే. 2016లో వచ్చిన సాటా 3.3 ప్రమాణంలో ఆ మూడో పిన్నుకి వేరే పని అప్పగించారు. దాని మీద వోల్టేజీ ఉంటే డిస్క్ ఆగిపోవాలి. డేటా సెంటర్లలో వేల డిస్కులుంటాయి, ఒకటి బిగుసుకుపోతే మనిషి వెళ్లి పీకి పెట్టక్కర్లేకుండా దూరం నుంచే ఆపి మళ్లీ లేపడానికి పెట్టిన ఏర్పాటు అది.

మీ 2009 ఎస్‌ఎంపీఎస్‌కి ఇదంతా తెలియదు. అది పాత పద్ధతిలో మూడో పిన్నుకీ 3.3 వోల్టులు పంపుతూనే ఉంటుంది. డిస్కేమో "నన్ను ఆగిపొమ్మంటున్నారు" అనుకుని కదలకుండా కూర్చుంటుంది. పాత డిస్క్‌కి ఈ భాషే రాదు కాబట్టి దానికి ఇబ్బంది లేదు. డాక్‌లు సాధారణంగా 3.3 వోల్టులు ఇవ్వవు, అందుకే అక్కడ తిరిగింది.

ఖాయం చేసుకోవాలంటే మీ సాటా పవర్ కేబుల్‌కి ఎన్ని వైర్లున్నాయో చూడండి. పసుపు 12, ఎరుపు 5, నలుపు రెండూ గ్రౌండ్. వీటితో పాటు నారింజ రంగు వైరు ఉంటే అదే 3.3.

గూడెం_స్టూడియో
12 జూలై, మధ్యాహ్నం 1:15

నారింజ వైరు ఉంది మాస్టారూ!! ఇప్పుడేం చేయాలి?

సీటీసీ_కుర్రోడు
12 జూలై, మధ్యాహ్నం 1:22

ఆ నారింజ వైరు కట్ చేసి చివర టేపు చుట్టెయ్ అన్నా. రెండు నిమిషాల పని. నేను ఇట్లాంటివి చాలా చేశాను.

సోల్డరింగ్_మాస్టారు
12 జూలై, మధ్యాహ్నం 1:50

నీకు చేయి తిరిగింది నాయనా, ఆయన ఫొటోగ్రాఫరు. నారింజ బదులు ఎరుపు కోసేస్తే మనం వెళ్లి అతికిస్తామా? కోసిన వైరు మళ్లీ రాదు. కోయకుండా అయ్యే దారులు రెండున్నాయి.

ఒకటి, మోలెక్స్ టు సాటా అడాప్టర్. ఎస్‌ఎంపీఎస్ నుంచి నాలుగు లావు రంధ్రాల తెల్ల కనెక్టర్లు వేలాడుతుంటాయి, పాత డీవీడీ రైటర్లకి పెట్టేవి. వాటిలో 3.3 ఉండదు, 12, 5 మాత్రమే. అది పెడితే గొడవే లేదు. కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త: ప్రతి వైరూ కనెక్టర్ వెనక నుంచి విడివిడిగా లోపలికి దూరినట్టు కనపడేది తీసుకోండి. వైర్ల మీద ప్లాస్టిక్ కరిగించి పోత పోసినట్టు మొద్దుగా ఉండే రకంలో లోపల వైర్లు ఒకదానికొకటి తగిలి కాలిపోయిన సందర్భాలున్నాయి.

రెండోది, డిస్క్ మూడో పిన్ను మీద కాప్టన్ టేపు అతికించడం. తేనె రంగులో పల్చగా ఉంటుంది, వేడికి కరగదు, మొబైల్ రిపేరు షాపుల్లో అడిగితే జానెడు ముక్క ఊరికే ఇస్తారు. కరెంటు పనులకి వాడే నల్ల టేపు మాత్రం వద్దు, మందం ఎక్కువ, జిగురు కారుతుంది.

ఎక్స్‌పీ_ప్రేమికుడు
12 జూలై, సాయంత్రం 4:30

మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. నాదీ దాదాపు ఇదే సమస్య. పాత ఐడీఈ డిస్క్ (సాటాకి ముందటి, వెడల్పు పట్టీ కేబుల్ రకం) 160 జీబీది, ఎక్స్‌పీలో 127 జీబీయే చూపిస్తోంది. మిగతాది ఎవరు తిన్నారు?

ల్యాబ్_మేడమ్
12 జూలై, సాయంత్రం 5:05

దాదాపు ఇదే కాదండీ, మీది కనపడుతోంది, వాళ్లది కనపడటం లేదు. మీ ఎక్స్‌పీకి సర్వీస్ ప్యాక్ (అప్‌డేట్లన్నీ కలిపిన మూట) పడలేదు. పాత లెక్కలో సెక్టార్ల (డిస్క్‌లోని చిన్న చిన్న గడుల) నంబరుకి 28 బిట్లే ఉండేవి, అది 137 జీబీ దగ్గర ఆగిపోతుంది. విండోస్ తన లెక్కలో దాన్నే 128కి కాస్త తక్కువగా చూపిస్తుంది. సర్వీస్ ప్యాక్ 1 నుంచి 48 బిట్ల లెక్క వచ్చింది. నేరుగా ఎస్‌పీ3 వేసుకోండి. మీ బోర్డు బయోస్ కూడా దాన్ని ఒప్పుకోవాలి. ఇంకేమైనా ఉంటే వేరే చర్చ మొదలుపెట్టండి, ఇక్కడ కలగాపులగం అవుతుంది.

గూడెం_స్టూడియో
13 జూలై, రాత్రి 8:48

ఇవాళ్టి రామాయణం వినండి. ముందు కాప్టన్ టేపు తెచ్చాను. ఒక మిల్లీమీటరు వెడల్పున కత్తిరించి ఆ పిన్ను మీద అతికించడానికి అరగంట పట్టింది. ఆల్బమ్ డిజైన్‌లో పెళ్లికూతురు ముక్కుపుడక కత్తిరించడం దీనికంటే తేలిక. తీరా కనెక్టర్ నెట్టగానే టేపు ముడుచుకుపోయింది. రెండోసారీ అంతే.

దాంతో అడాప్టర్ తెప్పించాను, వంద లోపే అయింది. మాస్టారు చెప్పినట్టు వైర్లు విడివిడిగా ఉన్నదే. పెట్టి ఆన్ చేస్తే, డిస్క్ తిరిగింది! వేలు పెడితే వణుకు తెలిసింది. నేను, మా అసిస్టెంట్ కుర్రాడు కలిసి అరిచాం.

కానీ బయోస్‌లో ఇంకా 'నన్' అనే ఉంది.

కొత్తదికొను
13 జూలై, రాత్రి 8:55

నేను మొదటే చెప్పాను.

ల్యాబ్_మేడమ్
13 జూలై, రాత్రి 9:20

తమ్ముడూ, కంగారు పడకు. మా స్కూలు ల్యాబ్‌లో ఇలాంటి జీ31 బోర్డులే ఇరవై దాకా ఉన్నాయి, వాటితో వేగలేక చస్తున్నాను. బయోస్‌లో ఇంటిగ్రేటెడ్ పెరిఫెరల్స్ అనే పేజీ ఉంటుంది. అక్కడ ఆన్‌చిప్ సాటా మోడ్ అన్న వరుస చూడు. నాకు తెలిసి 'కంబైన్డ్' అని ఉండి ఉంటుంది. నీ డీవీడీ రైటర్ వెడల్పు పట్టీ కేబుల్ రకమా?

గూడెం_స్టూడియో
13 జూలై, రాత్రి 9:34

అవును మేడమ్, వెడల్పు పట్టీ కేబులే. మోడ్ దగ్గర 'కంబైన్డ్' అనే ఉంది! మీరు ఇక్కడే కూర్చుని చూస్తున్నట్టు చెప్పారు.

ల్యాబ్_మేడమ్
13 జూలై, రాత్రి 9:50

విండోస్ 98 కాలపు సాఫ్ట్‌వేర్లు ఒప్పుకోవాలని పెట్టిన పద్ధతి అది. ఐడీఈ, సాటా కలిపి మొత్తం నాలుగు పరికరాలకే చోటు. ఐడీఈ కేబుల్ వాటా రెండు, సాటా వాటా రెండు. బోర్డు మీద సాటా పోర్టులు నాలుగున్నా రెండే పలుకుతాయి, మిగతా రెండూ ఉత్త బొమ్మలు. నీ కొత్త డిస్క్ ఆ బొమ్మ పోర్టుకి తగిలించి ఉంటావు.

దాన్ని 'ఎన్‌హాన్స్‌డ్' చేసి ఎఫ్10 నొక్కి సేవ్ చెయ్యి. ఒకవేళ విండోస్ నీలం తెర చూపిస్తే భయపడకుండా వెనక్కి మార్చేసి, డిస్క్‌ని పక్క పోర్టులోకి మార్చి చూద్దాం. ఏహెచ్‌సీఐ (సాటాకే ఇంకో మోడ్) అని ఎక్కడో చదివి వెతక్కు, నీ బోర్డు మీదున్న ఐసీహెచ్7 చిప్పులో అది లేదు.

గూడెం_స్టూడియో
13 జూలై, రాత్రి 10:41

మేడమ్, కొంప మునిగింది. మార్చి సేవ్ చేశాను. బయోస్ మొదటి తెర మీద కొత్త డిస్క్ పేరు వచ్చింది, సంతోషించాను. ఆ వెంటనే నల్ల తెర. "డిస్క్ బూట్ ఫెయిల్యూర్, ఇన్సర్ట్ సిస్టమ్ డిస్క్ అండ్ ప్రెస్ ఎంటర్" అంటోంది. ఎంటర్ ఎన్నిసార్లు నొక్కినా అదే. పాత డిస్క్‌లో మూడొందల పెళ్లిళ్లున్నాయి. పోయాయా? ఫోన్ నుంచి రాస్తున్నాను, చేతులు వణుకుతున్నాయి.

సీటీసీ_కుర్రోడు
13 జూలై, రాత్రి 10:44

ఏం పోలేదన్నా, మంచినీళ్లు తాగు. విండోస్ లేని కొత్త డిస్క్‌ని ముందు చదవబోయి అట్లా అంటోంది. రెండో డిస్క్ వచ్చేసరికి బయోస్ వరుస మార్చేసింది. డిలీట్ నొక్కి బయోస్‌లోకి వెళ్లు, అడ్వాన్స్‌డ్ బయోస్ ఫీచర్స్‌లో హార్డ్ డిస్క్ బూట్ ప్రయారిటీ ఉంటుంది. ఎంటర్ నొక్కితే రెండు డిస్కులూ కనపడతాయి. పాతదాన్ని ప్లస్ కీతో పైకి జరిపి సేవ్ చెయ్యి.

గూడెం_స్టూడియో
13 జూలై, రాత్రి 10:58

వచ్చింది. వచ్చింది తమ్ముడూ. పెళ్లిళ్లన్నీ ఉన్నాయి. నేను సికింద్రాబాద్‌లో మీ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి వస్తే నీకు బిర్యానీ ఖాయం.

రెండు విషయాలు. బయోస్‌లో కొత్త డిస్క్ సైజు 1801 జీబీ అని చూపిస్తోంది, 4 టీబీ కదా? విండోస్‌లో మై కంప్యూటర్‌లో మాత్రం ఇంకా లేదు. మేనేజ్‌లోకి వెళ్లి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే "ఇనిషియలైజ్ డిస్క్" అని అడుగుతోంది. షాపు అబ్బాయి ఫార్మాట్ చేసి ఇచ్చాడు కదా, మళ్లీ ఎందుకు అడుగుతోంది?

సోల్డరింగ్_మాస్టారు
13 జూలై, రాత్రి 11:15

అక్కడే ఆగండి, ఏమీ నొక్కకండి. షాపులో ఉండగా దానిలోకి ఫొటోలేమైనా ఎక్కించారా? కొన్ని డాక్‌లు పెద్ద డిస్కుల సెక్టార్‌ని 512 బైట్లు కాకుండా 4096 అని కంప్యూటర్‌కి చెబుతాయి. అలా ఫార్మాట్ అయిన డిస్క్‌ని నేరుగా బోర్డుకి తగిలిస్తే లెక్క కుదరక ఖాళీదానిలా కనపడుతుంది. ఇనిషియలైజ్ చేశామంటే లోపలున్నవి తిరిగి తీసుకోవడం కష్టమైపోతుంది. ఫైళ్లుంటే ముందు అదే డాక్‌లో పెట్టి బయటికి తీసుకోవాలి.

1801 గురించి బెంగ అక్కర్లేదు. పాత బయోస్‌లో సెక్టార్ల లెక్క 32 బిట్లే, 2199 జీబీ దాటగానే మళ్లీ సున్నా నుంచి మొదలుపెడుతుంది. 4000లోంచి 2199 తీసేయండి, 1801 వస్తుంది. ఆటోలో మీటరు తిరిగినట్టే. విండోస్ 7 ఆ లెక్కని నమ్ముకోదు, తన డ్రైవర్‌తో తానే డిస్క్‌ని అడుగుతుంది.

గూడెం_స్టూడియో
13 జూలై, రాత్రి 11:21

ఫొటోలు ఏమీ ఎక్కించలేదు మాస్టారూ, ఖాళీదే. కానీ మీ మెసేజ్ చూసేలోపే నొక్కేశాను. ఎంబీఆర్, జీపీటీ అని రెండున్నాయి. ఎంబీఆర్ పేరు ఎక్కడో విన్నట్టుంటే అది పెట్టాను. ఇప్పుడు 2048 జీబీ ఒక ముక్క, 1678.02 జీబీ ఇంకో ముక్క వచ్చాయి. మొదటి ముక్క ఫార్మాట్ అయింది. రెండోదాని మీద రైట్ క్లిక్ చేస్తే అన్నీ బూడిద రంగులోనే ఉన్నాయి, ఏదీ నొక్కనివ్వదు.

ల్యాబ్_మేడమ్
14 జూలై, ఉదయం 7:05

ఖాళీది కాబట్టి బతికిపోయావు. ఎంబీఆర్, జీపీటీ అంటే డిస్క్‌లోని ముక్కల లెక్క రాసుకునే పాత, కొత్త పద్ధతులు. ఎంబీఆర్‌కీ అదే 32 బిట్ల జబ్బు, 2 టీబీ దాటితే దానికి లెక్క రాదు. మొదటి ముక్క డిలీట్ వాల్యూమ్ చేసెయ్. తర్వాత ఎడమ వైపు 'డిస్క్ 1' అని రాసి ఉన్న బూడిద రంగు గడి మీద రైట్ క్లిక్ చేస్తే కన్వర్ట్ టు జీపీటీ డిస్క్ వస్తుంది. కుడి వైపు గీతల మీద చేస్తే రాదు.

డిస్క్ 0 జోలికి మాత్రం వెళ్లకు, అది నీ పాతది కావచ్చు. సైజు చూసుకుని 465 ఉన్నదాన్ని వదిలెయ్, 3726 ఉన్నదాన్ని పట్టుకో.

విండోస్ 7 32 బిట్ అయినా జీపీటీ డిస్క్‌ని ఫైళ్లు దాచుకోవడానికి బాగానే వాడుతుంది. దాని నుంచి విండోస్ బూట్ చేయడమే నీ పాత బయోస్‌తో కాదు. నీకు ఆ అవసరం లేదు కదా.

ఎక్స్‌పీ_ప్రేమికుడు
14 జూలై, ఉదయం 7:40

నా ఎక్స్‌పీలో కూడా 4 టీబీ వేసుకోవచ్చా మేడమ్?

ల్యాబ్_మేడమ్
14 జూలై, ఉదయం 7:52

32 బిట్ ఎక్స్‌పీకి జీపీటీ తెలియదు. వద్దు. ముందు ఆ సర్వీస్ ప్యాక్ సంగతి చూడండి.

గూడెం_స్టూడియో
14 జూలై, మధ్యాహ్నం 3:30

3726 జీబీ పూర్తిగా వచ్చింది. క్విక్ ఫార్మాట్ అయింది. పాత డిస్క్‌లోవన్నీ కొత్తదానిలోకి కాపీ పెట్టాను, మూడు గంటల పైనే పట్టింది. పెన్‌డ్రైవులు కూడా ఖాళీ చేస్తున్నాను. మీ అందరి రుణం ఎలా తీర్చుకోవాలో తెలియదు. నిర్వాహకులు శీర్షికకి 'పరిష్కారమైంది' అని తగిలించవచ్చు.

నిర్వాహకుడు
14 జూలై, సాయంత్రం 6:00

తగిలించాను.

గూడెం_స్టూడియో
15 జూలై, ఉదయం 9:12

తీసెయ్యండి సార్.

పొద్దున స్టూడియో తెరిచి ఆన్ చేశాను. ఎఫ్1 నొక్కాను. విండోస్ వచ్చింది. కొత్త డిస్క్ లేదు. బయోస్‌లో 'నన్'. మోడ్ చూస్తే 'కంబైన్డ్'! నేను ముట్టుకోలేదు, మా కుర్రాడూ ముట్టుకోలేదని ఒట్టేస్తున్నాడు. రాత్రి మెయిన్ ఆపి తాళం వేసి వెళ్లాను, అంతే.

సీటీసీ_కుర్రోడు
15 జూలై, ఉదయం 9:30

అన్నా, ఈ ఎఫ్1 ఏంది? ఎందుకు నొక్కుతున్నావ్?

గూడెం_స్టూడియో
15 జూలై, ఉదయం 9:33

అందరూ నొక్కరా? ఆన్ చేయగానే ఏదో ఇంగ్లీషులో రెండు లైన్లు వచ్చి ఎఫ్1 నొక్కమంటుంది. నొక్కితే ముందుకు వెళ్తుంది. రెండేళ్లుగా అంతే కదా.

సోల్డరింగ్_మాస్టారు
15 జూలై, ఉదయం 9:50

తప్పు నాది. మొదటి పోస్టులోనే "రోజూలాగే ఎఫ్1 నొక్కాక" అని ఉంది. అందరం చదివాం, ఎవరం ఆగి అడగలేదు.

ఆ రెండు లైన్లలో సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్, డీఫాల్ట్స్ లోడెడ్ అని ఉంటుంది, చూడండి. బోర్డు మీద రూపాయి బిళ్ల లాంటి బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032, 3 వోల్టులది. కరెంటు లేనప్పుడు బయోస్ సెట్టింగులూ గడియారమూ దాని మీదే బతుకుతాయి. మీది రెండేళ్ల క్రితమే చచ్చిపోయింది. ప్లగ్గులో కరెంటున్నంతసేపు ఎస్‌ఎంపీఎస్ నిలబెడుతుంది, మీరు మెయిన్ ఆపగానే అన్నీ మరిచిపోయి మర్నాడు ఫ్యాక్టరీ సెట్టింగులతో లేస్తుంది. మీ బోర్డుకి అవే 'కంబైన్డ్'.

మీ కంప్యూటర్‌లో తేదీ కూడా రోజూ తప్పే చూపిస్తూ ఉండాలే?

గూడెం_స్టూడియో
15 జూలై, ఉదయం 10:04

చూపిస్తుంది మాస్టారూ. రోజూ పొద్దున మార్చుకుంటాను, లేకపోతే జీమెయిల్ తెరుచుకోదు. ముసలి సిస్టమ్ కదా, మతిమరుపు సహజం అనుకున్నాను.

సీటీసీ_కుర్రోడు
15 జూలై, ఉదయం 10:06

😂😂 అన్నా నీకు దండం.

ల్యాబ్_మేడమ్
15 జూలై, ఉదయం 10:25

నవ్వకు, మా ల్యాబ్‌లో పిల్లలు కూడా ఎఫ్1 నొక్కడం కంప్యూటర్ పాఠంలో భాగమే అనుకుంటారు.

వాచీల షాపులో సీఆర్2032 అడుగు తమ్ముడూ, అరిగిపోయిన పాత సరుకు కాకుండా ప్యాకెట్ విప్పి ఇమ్మను. ప్లగ్గు పీకి, పక్కనున్న చిన్న క్లిప్పు నొక్కితే పాతది పైకి లేస్తుంది. రాత ఉన్న వైపు పైకి ఉండేలా కొత్తది పెట్టు. తర్వాత తేదీ, ఎన్‌హాన్స్‌డ్, బూట్ ప్రయారిటీ మూడూ ఆఖరిసారి పెట్టుకో.

కొత్త డిస్క్‌ని క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోతో (డిస్క్ ఆరోగ్యం చూపించే సాఫ్ట్‌వేర్) ఒకసారి చూసి ఎన్ని గంటలు తిరిగిందో చెప్పు. సర్వర్ రకం, తక్కువ ధర అన్నావు, నాకు అప్పటి నుంచి ఒక పురుగు తొలుస్తోంది.

గూడెం_స్టూడియో
15 జూలై, రాత్రి 8:15

బ్యాటరీ మార్చాను. మెయిన్ ఆపి గంట ఆగి వేశాను. సెట్టింగులు అలాగే ఉన్నాయి, తేదీ సరిగ్గా ఉంది.

క్రిస్టల్‌లో పవర్ ఆన్ అవర్స్ 31,204 అని ఉంది మేడమ్. గుడ్ అని నీలం రంగులో చూపిస్తోంది.

ల్యాబ్_మేడమ్
15 జూలై, రాత్రి 8:40

అనుకున్నా. 31 వేల గంటలంటే ఆగకుండా మూడున్నరేళ్లు తిరిగింది. కొత్తదని చెప్పి సర్వర్‌లోంచి తీసినది అంటగట్టారు. రీఅలోకేటెడ్ సెక్టార్స్ (చెడిపోతే బదులు వేరేవి పెట్టినవి), కరెంట్ పెండింగ్ సెక్టార్స్ (సరిగా చదవలేక అనుమానంలో ఉన్నవి) వరుసల్లో రా వాల్యూ, అంటే అసలు అంకె ఎంతుంది?

గూడెం_స్టూడియో
15 జూలై, రాత్రి 8:47

రెండూ సున్నాలే.

సీటీసీ_కుర్రోడు
15 జూలై, రాత్రి 9:00

అయితే డిస్క్ మంచిగానే ఉంది. కానీ కొత్తదని నమ్మి కొని సెకండ్‌హ్యాండ్ ఎందుకు ఉంచుకోవాలి? రిటర్న్ గడువుంటే స్క్రీన్‌షాట్ పెట్టి వాపస్ పంపు.

సోల్డరింగ్_మాస్టారు
15 జూలై, రాత్రి 9:25

నేను వాపసుకే ఓటు. డబ్బు కోసమే కాదు, ఒకచోట అబద్ధం చెప్పినవాడు ఇంకేం దాచాడో తెలియదు. ఉంచుకుంటే మాత్రం దీన్ని రెండో కాపీగానే వాడండి. నిజానికి నాకు దీనికంటే మీ 2009 నాటి 500 జీబీ మీద ఎక్కువ భయంగా ఉంది. అదీ ఒకసారి క్రిస్టల్‌లో చూడండి. వాపసు పంపేముందు పెళ్లి ఫొటోలు వేరే డిస్క్‌లోకి దించి, దీన్ని పూర్తి ఫార్మాట్ చేయండి, క్విక్ వద్దు. ఎవరింటి ఆడపిల్లల ఫొటోలో అవి.

గూడెం_స్టూడియో
24 జూలై, ఉదయం 9:40

ఆలస్యానికి మన్నించండి. అమ్మినవాళ్లు మొదట కాదన్నారు, స్క్రీన్‌షాట్ చూపించాక డబ్బు తిరిగి ఇచ్చారు. దాని బదులు ఇంట్లో, ఆఫీసుల్లో వాడే మామూలు రకం 4 టీబీ కొత్తది తెచ్చాను. గంటలు చూశాను, 0. నారింజ వైరున్న పాత కేబుల్‌తోనే తిరుగుతోంది, అడాప్టర్ అవసరం పడలేదు. జీపీటీ నేనే పెట్టుకున్నాను, ఎవరినీ అడక్కుండా.

పాత 500లో కరెంట్ పెండింగ్ సెక్టార్స్ 8 అని పసుపు రంగులో చూపించింది మాస్టారూ. అదీ మార్చేస్తున్నాను. ఫొటోలు అప్పటికే రెండు చోట్ల ఉన్నాయి.

ఒక్కటే చిక్కు. సిస్టమ్ ఇప్పుడు ఏమీ అడక్కుండా నేరుగా విండోస్‌లోకి వెళ్తోంది. మా కుర్రాడు మాత్రం పొద్దున్నే అలవాటుగా ఎఫ్1 నొక్కుతున్నాడు, విండోస్ హెల్ప్ తెరుచుకుంటోంది. వచ్చి "అన్నా, మళ్లీ ఏదో అయింది" అంటాడు.

ఎక్స్‌పీ_ప్రేమికుడు
24 జూలై, ఉదయం 10:15

ఎస్‌పీ3 వేశాను మేడమ్. ఇప్పటికీ 127 జీబీయే ఉంది, కాకపోతే పక్కన 21 జీబీ అన్‌అలోకేటెడ్ అని కొత్తగా వచ్చింది. దాన్నేం చేయాలి?

ల్యాబ్_మేడమ్
24 జూలై, ఉదయం 10:20

వేరే చర్చ మొదలుపెట్టమన్నాను కదండీ. దాని మీద రైట్ క్లిక్ చేసి న్యూ పార్టిషన్ అనండి.